పైన్ బోన్సాయ్ చీడపీడలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పైన్ చెట్టు తన బాధను చాలా ఆలస్యంగా చెబుతుంది. మామూలు ఆకుల చెట్టుకు నీళ్లు తగ్గితే ఆ పూటే వాడిపోతుంది. పైన్ అలా కాదు. వేర్లు చచ్చిపోయాక కూడా సూదులు, అంటే దాని సన్నని ఆకులు, కొన్ని వారాలపాటు పచ్చగానే కనిపిస్తాయి. రంగు మారిందని మనం గమనించేసరికి అసలు కారణం జరిగి నెలలు గడిచి ఉండవచ్చు. అందుకే ఇక్కడ మందుల పేర్లకంటే గుర్తుపట్టే పద్ధతికే ఎక్కువ చోటు ఇచ్చాను. ఏ పురుగో, ఏ తెగులో తెలియకుండా మందు డబ్బా పట్టుకోవద్దన్నదే నా మొదటి విన్నపం.

సూదులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. ఇది తెగులేనా?

ముందు ఏ సూదులో చూడండి. శరదృతువులో కొమ్మ లోపలివైపు, అంటే చిగురుకు దూరంగా ఉన్న పాత సూదులు మాత్రమే పసుపెక్కి రాలుతుంటే అది సహజం. పైన్ ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టే అయినా, ఒక్కో సూది ఆయుష్షు సాధారణంగా రెండు మూడేళ్లే. రాలే సూదులు చెట్టంతా ఒకే తీరుగా, మచ్చలేమీ లేకుండా పసుపెక్కుతాయి. వేలితో తాకితే గుత్తితో సహా ఊడి వస్తాయి.

ఈ ఏడు వచ్చిన కొత్త సూదులు రంగు మారితే మాత్రం ఊరుకోకూడదు. చెట్టు మొత్తం వెలిసిపోయినట్టు ఉంటే వేర్లను అనుమానించండి. కొన్ని చిగుళ్లే ఎండిపోతే చిగురెండు తెగులు గానీ, చిగురు తొలిచే పురుగు గానీ కావచ్చు. సూదిపై అడ్డంగా పట్టీలు, చుక్కలు ఉంటే శిలీంధ్రం పని. సూదుల కొసలన్నీ ఒకే పొడవున గోధుమ రంగులోకి మారితే అది చాలాసార్లు తెగులే కాదు. ఎరువు ఎక్కువై కుండీలో లవణాలు పేరుకున్నా, ఒకసారి నీళ్లు తప్పి బాగా ఎండినా అలాగే అవుతుంది.

సూదుల మీద తెల్లగా ఏదో ఉంది. ఏమై ఉంటుంది?

చాలామందిని ఈ తెలుపు అనవసరంగా భయపెడుతుంది. జపాన్ తెల్ల పైన్ సూదులు అయిదేసి చొప్పున గుత్తిగా ఉంటాయి. వాటి లోపలి ముఖాలపై పొడవునా సన్నని తెల్ల చారలు కనిపిస్తాయి. అవి చెట్టు ఊపిరి తీసుకునే రంధ్రాల వరుసలు. గోటితో గీకినా పోవు, పోకూడదు కూడా.

గీకితే ఊడి వచ్చే తెల్లని పెచ్చు, దాదాపు మూడు మిల్లీమీటర్ల పొడవు, ఒక కొన సన్నగా, మరో కొన వెడల్పుగా ఉంటే అది పొలుసు పురుగు. దూది పింజలా చిగురు మొదట్లోనో, బెరడు పగుళ్లలోనో అంటుకుని ఉంటే పిండినల్లి గానీ, నూలు కప్పుకునే పేనుబంక జాతి గానీ అయి ఉంటుంది. తెల్ల పైన్ కాండంపై రెండోదే ఎక్కువగా కనబడుతుంది. ఇవేవీ కాకుండా సూది పైభాగమంతా సున్నపు పొరలా ఉంటే, అది కఠినజలం ఆరిపోయాక మిగిలిన మరక మాత్రమే.

ఎర్రనల్లి ఉందో లేదో కంటికి కనిపించదు కదా, ఎలా తెలుసుకోవాలి?

ఒక తెల్ల కాగితాన్ని కొమ్మ కింద పట్టుకుని కొమ్మను రెండు మూడు సార్లు గట్టిగా తట్టండి. దుమ్ము, బెరడు పొట్టు, పుప్పొడి రాలుతాయి. తొందరపడకుండా అర నిమిషం ఆగండి. ఆ దుమ్ములో మిరియపు పొడి రేణువంత చుక్కలు కొన్ని మెల్లగా నడవడం మొదలుపెడతాయి. వాటిపై వేలితో ఒక్కసారి రుద్దండి. కాగితంపై ఎర్రగానో, ముదురు ఆకుపచ్చగానో గీత పడితే అది మొక్క రసం తాగిన నల్లి. చాలా వేగంగా పరుగెత్తే లేత రంగు నల్లులు కనిపిస్తే వాటిని వదిలేయండి. అవి తరచుగా మిగతా నల్లులను తినే మిత్రులే.

నల్లి పట్టిన సూదులు మొదట మెరుపు కోల్పోతాయి. భూతద్దంలో చూస్తే సన్నని లేత చుక్కలు కనిపిస్తాయి. క్రమంగా చెట్టంతా దుమ్ము పట్టిన బూడిద రంగులోకి మారుతుంది. ఉధృతి పెరిగితే సూదుల మధ్య సన్నని గూడు దారాలు కనబడతాయి. నల్లి అంటే మండు వేసవి చీడ అనుకోవడం అలవాటు. కానీ సూది చెట్లను ఎక్కువగా బాధించే ఒక నల్లి జాతి వసంతంలో, శరత్తులో, చల్లగా ఉన్నప్పుడే విజృంభిస్తుంది. వేసవిలో రంగు పోయిందని మనం గమనించేనాటికి అది చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. అప్పుడు మందు కొట్టి ఏమీ ప్రయోజనం ఉండదు. కాగితం పరీక్షను ఋతువు మారినప్పుడల్లా చేయమని చెప్పేది ఇందుకే.

మొదటి మందు నీళ్లే. మట్టి కొట్టుకుపోకుండా కుండీ పైభాగాన్ని గుడ్డతో కప్పి, సూదుల కింది నుంచి పైకి బలంగా నీటిని కొట్టండి. కొన్ని రోజులకొకసారి ఇలా చేస్తే తక్కువ ఉధృతి అక్కడితో ఆగిపోతుంది. తగ్గకపోతే పురుగుమందు సబ్బు ద్రావణమో, తోటల్లో వాడే నూనెమందో, నల్లికే ప్రత్యేకించిన మందో వాడాలి. ఒక్కసారి చల్లితే గుడ్లన్నీ చావవు కాబట్టి వారం లోపు మళ్లీ చల్లక తప్పదు. మామూలు పురుగుమందుల జోలికి మాత్రం వెళ్లవద్దు. నల్లి పురుగు కాదు, ఎనిమిది కాళ్ల సాలీడు జాతి. ఇమిడాక్లోప్రిడ్, కార్బరిల్ వంటి మందులు కొట్టిన తర్వాత నల్లి తగ్గకపోగా పెరిగిన సందర్భాలు బాగా నమోదయ్యాయి. నల్లిని తినే జీవులు చనిపోవడం దానికి ఒక కారణం.

చీమలు చెట్టెక్కి దిగుతున్నాయి. అవి చెట్టుకు హాని చేస్తాయా?

చీమలు నేరుగా ఏమీ చేయవు. కానీ అవి ఎక్కుతున్నాయంటే పైన తేనెబంక ఉందని అర్థం. చీమల బారు వెంట చూపు సాగిస్తే లేత కొమ్మల బెరడుపై గోధుమ, నలుపు రంగు పేనుబంక గుంపు దొరుకుతుంది. బెరడు రంగులో కలిసిపోయి, కదిలేదాకా కనిపించదు. ఆ పురుగు విసర్జించే తీపి జిగురుపై మసి తెగులు పెరిగి సూదులు నల్లబడతాయి. మసి తెగులు సూది లోపలికి పోదు, ఎండ తగలకుండా అడ్డుపడుతుంది అంతే. పేనుబంక పోతే మసి కూడా క్రమంగా కొట్టుకుపోతుంది.

నీళ్లు కొట్టడం, సబ్బు ద్రావణం, వేపనూనె సరిపోతాయి. చీమలను ఆపడం కూడా అంతే ముఖ్యం. అవి పేనుబంకకు కాపలా కాసి, అక్షింతల పురుగులను దగ్గరికి రానివ్వవు. కుండీ పెట్టిన బల్ల కాళ్లకు జిగురు పట్టీ చుట్టండి, లేదా కాళ్లను నీటి పళ్లాల్లో ఉంచండి.

పొలుసు పురుగు ఎన్నిసార్లు మందు కొట్టినా పోవడం లేదు. ఎందుకు?

రెండు కారణాలు ఉంటాయి. పెద్దదైన పురుగు మైనపు పెచ్చు కింద దాక్కుంటుంది కనుక పైపైన పడే మందు దానికి తగలదు. తగిలేది పిల్లలకే. వసంతంలో పెచ్చు కింది ఎర్రని గుడ్లు పగిలి, నలుసంత పిల్లలు కొత్త చోటు వెతుక్కుంటూ సూదుల మీదికి పాకుతాయి. ఆ కొద్ది రోజులే మనకు దొరికే సమయం. పట్టిన కొమ్మకు రెండువైపులా అంటుకునే టేపు చుట్టి రోజూ భూతద్దంతో చూస్తే, ఎర్రటి నలుసులు అంటుకున్న రోజు తెలిసిపోతుంది. ఆ రోజు చల్లిన సబ్బు ద్రావణం, మరో సమయంలో కొట్టిన ఘాటు మందుకంటే ఎక్కువ పని చేస్తుంది.

రెండో కారణం: పురుగు చచ్చినా పెచ్చు రాలదు, నెలల తరబడి సూదికే అంటుకుని ఉంటుంది. గుండుసూదితో పెచ్చును ఎత్తి చూడండి. లోపల పొడిగా, ఖాళీగా ఉంటే మీ మందు పనిచేసింది. తడి తగిలితే ఇంకా బతికే ఉంది. బోన్సాయ్ చిన్న చెట్టు కాబట్టి మనకొక సౌలభ్యం ఉంది. పాత టూత్‌బ్రష్‌తో ఓపికగా రుద్దితే సగం బాధ తీరిపోతుంది.

వసంతంలో వచ్చిన లేత క్యాండిల్ (కొవ్వొత్తిలా నిలిచే కొత్త చిగురు) వంగి ఎండిపోయింది. ఏం చేయాలి?

ఎండిన చిగురును కత్తిరించి పారేయకండి. అదే మీకు జవాబు చెబుతుంది. ముందు దాన్ని పొడవునా చీల్చి చూడండి. లోపల సొరంగం, పురుగు రెట్ట, మొదట్లో గట్టిపడిన జిగురు ఉంటే చిగురు తొలిచే చిమ్మట పురుగు పని. అలాంటి చిగుళ్లను పురుగు లోపల ఉండగానే ఎండిన భాగానికి కింది వరకు కత్తిరించి నాశనం చేయండి. చిన్న చెట్టుకు తరచుగా ఆ పనే చాలు.

సొరంగం లేకుండా, చిగురు ఎదుగుదల మధ్యలోనే ఆగిపోయి, సూదులు పొట్టిగా ఉండి ఎండుగడ్డి రంగుకు వచ్చి, జిగురు బొట్లు కారుతుంటే డిప్లోడియా అనే చిగురెండు తెగులును అనుమానించాలి. సూదుల గుత్తి మొదట్లో కాగితంలాంటి పలుచని తొడుగు ఉంటుంది. ఎండిన గుత్తి ఒకటి తీసుకుని ఆ తొడుగును గోటితో నెమ్మదిగా ఒలవండి. దాని కింద, సూది ఆకుపచ్చదనం మొదలవ్వాల్సిన చోట, చర్మాన్ని చీల్చుకుని పైకి వచ్చిన నల్లని చుక్కలు కనిపిస్తే నిర్ధారణ అయినట్టే. ఆ చుక్కల నుంచే వాన తడికి బీజాలు వెలువడి పక్క చిగుళ్లకు అంటుకుంటాయి. పాత పైన్ కాయల పొలుసులపై కూడా ఇవి ఉంటాయి. ముగో పైన్ వంటి వాటిపై కాయలు అందంగా ఉన్నాయని ఉంచుకునేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఎండిన చిగుళ్లను పొడి వాతావరణంలోనే కత్తిరించండి. ప్రతి కోతకూ కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. మందు చల్లడానికి తగిన సమయం వచ్చే వసంతం. మొగ్గ ఉబ్బి తొడుగు విచ్చుకునే ముందు ఒకసారి, తర్వాత 10 నుంచి 14 రోజుల ఎడంతో మరో రెండుసార్లు శిలీంధ్రనాశిని పడాలి. చిగురు ఎండాక కొట్టే మందు ఆ ఏటికి వృథా. ఈ శిలీంధ్రం ఆరోగ్యంగా కనిపించే కొమ్మలోనూ మౌనంగా ఉండగలదు. చెట్టు నీటి ఎద్దడికి గురైనప్పుడు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. కనుక మందుకంటే ముందు నీళ్ల క్రమాన్ని సరిచేసుకోండి.

సూదులను తినే గొంగళి పురుగులకు బీటీ మందు (బ్యాక్టీరియా నుంచి తయారయ్యే పురుగుమందు) కొట్టాను. ఒక్కటీ చావలేదు. నకిలీ మందా?

కాకపోవచ్చు. అవి గొంగళి పురుగులే కాకపోయి ఉండవచ్చు. పైన్‌ను గుంపుగా తినే రంపపు ఈగ పిల్లలు చూడటానికి అచ్చం గొంగళి పురుగుల్లాగే ఉంటాయి. పొట్ట కింద ఉండే మెత్తని కాళ్లను లెక్కపెట్టండి. అయిదు జతలు, అంతకంటే తక్కువ ఉంటే గొంగళి పురుగు. ఆరు జతలు, అంతకంటే ఎక్కువ ఉంటే రంపపు ఈగ. గొంగళి పురుగుల కోసం తయారైన బీటీ రంపపు ఈగపై పనిచేయదు. చేతికి తొడుగు వేసుకుని ఏరి సబ్బు నీటిలో వేయడం బోన్సాయ్‌కి అన్నింటికంటే సులువు. ఎక్కువగా ఉంటే స్పైనోశాడ్ అనే పురుగుమందు పనిచేస్తుంది.

సూదులపై పట్టీలు, చుక్కలు వచ్చి రాలిపోతున్నాయి. ఏ మందు వాడాలి?

ఏ మందో అడిగే ముందు ఎప్పుడో అడగాలి. సూదులు రాల్చే శిలీంధ్రాల్లో ముఖ్యమైనవి రెండు. వాటి క్యాలెండర్లు వేరు.

డోథిస్ట్రోమా సోకిన సూదిపై ఎర్రటి, ఇటుక రంగు పట్టీ పడుతుంది. పట్టీ నుంచి కొస వరకు ఎండిపోయి, మొదలు మాత్రం పచ్చగానే మిగులుతుంది. ఎక్కువగా కింది కొమ్మల్లో మొదలవుతుంది. లక్షణాలు శరత్తులో కనిపించినా, సోకేది అంతకు ముందు వసంతం చివర, వేసవి ఆరంభంలో. అందువల్ల రాగి మందు కొత్త సూదులు బయటికి వస్తున్నప్పుడే వాటిపై పడాలి.

లోఫోడెర్మియం తీరు దీనికి తిరగబడి ఉంటుంది. వేసవి చివరి నుంచి శరత్తు వరకు తడి రోజుల్లో సోకుతుంది. చలికాలం చివర పసుపు చుక్కలు కనబడతాయి. వసంతానికి సూదులు గోధుమ రంగుకు తిరిగి రాలిపోతాయి. రాలిన సూదులపై నిడుపాటి నల్లని బొబ్బలు, వాటి మధ్య పొడవునా ఒక చీలిక భూతద్దంలో స్పష్టంగా కనిపిస్తాయి. వసంతంలో సూదులు రాలాయని వసంతంలోనే మందు కొడితే, వేసవి చివర ఆ చెట్టుకు రక్షణ ఉండదు. ఏటేటా మందు కొడుతున్నా తెగులు తిరిగి వస్తోందనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే.

రెండింటికీ తడి కావాలి. ఉదయం నీళ్లు పోస్తే సూదులు త్వరగా ఆరిపోతాయి. సాయంత్రం తలపై నుంచి తడిపితే రాత్రంతా తడిగానే ఉంటాయి. కుండీలను ఎడంగా ఉంచండి. శరత్తులో పాత సూదులను పీకి గాలి ఆడనివ్వండి. కుండీపై, బల్లపై రాలిన సూదులను ఊడ్చి పారేయండి. వచ్చే ఏటి బీజాలు తయారయ్యేది వాటిలోనే.

వేరుకుళ్లు పట్టిందని ఎలా తెలుస్తుంది?

పోసిన నీళ్లు మట్టిపై నిలబడటం, కుండీ రోజుల తరబడి తడిగానే ఉండటం, క్యాండిల్స్ నిరుటికంటే పొట్టిగా రావడం, చెట్టంతా మెరుపు తగ్గడం కలిసి కనిపిస్తే అనుమానించాలి. కుండీ అంచున మట్టి తీసి ఒక వేరును చూడండి. ఆరోగ్యమైన వేరు గట్టిగా, లోపల లేత రంగులో ఉంటుంది. కుళ్లిన వేరును లాగితే పైతోలు జారి, లోపలి దారం మాత్రమే చేతికి వస్తుంది. పుల్లని వాసన వేస్తుంది.

మందు పోసినంత మాత్రాన ఇది తీరదు. గాలి ఆడని మట్టి అసలు జబ్బు, ఫైటోఫ్తొరా, పిథియం వంటి వేరుకుళ్లు సూక్ష్మజీవులు దాన్ని వాడుకునేవి. అకడమా (జపాన్ బంకమట్టి గులకలు), ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), లావా రాయి వంటి గరుకు గులకల మిశ్రమాన్ని నలుసు లేకుండా జల్లించి వాడాలి. కుండీ మార్చే కాలం దూరంగా ఉంటే, కుండీని ఒకవైపు ఎత్తి వాలుగా పెట్టండి. నీరు త్వరగా దిగిపోతుంది.

కుండీ మార్చేటప్పుడు వేర్లలో తెల్లని బూజు కనిపించింది. కడిగేశాను. మంచిదేనా?

ఆ బూజు పైన్‌కు ప్రాణస్నేహితుడు. వేర్లతో కలిసి జీవించే ఆ శిలీంధ్రం నీటిని, పోషకాలను అందిస్తుంది. పుట్టగొడుగుల వాసన వస్తుంది, వేర్ల కొసలు చిన్న చిన్న కొమ్ముల్లా రెండుగా చీలి ఉంటాయి. దాన్ని ఎప్పుడూ పూర్తిగా కడగకండి. కుండీ మార్చినప్పుడు పాత మట్టిలో కొంత కొత్త మిశ్రమంలో కలపండి.

దీనితో పోలిక పడేది వేరు పిండినల్లి. కుండీ గోడకు, మట్టికి మధ్య నీలం ఛాయ ఉన్న తెల్లని మైనపు పొడి, అందులో మెల్లగా కదిలే చిన్న పురుగులు ఉంటే అది చీడ. బూజు దారాల్లా అల్లుకుంటుంది, పిండినల్లి మచ్చలు మచ్చలుగా ఉంటుంది. భూతద్దంలో చూస్తే సందేహం ఉండదు.

పైన్ వడలు తెగులు అంటే ఏమిటి? బోన్సాయ్‌కి వస్తుందా?

వస్తుంది. బర్సాఫెలెంకస్ జైలోఫిలస్ అనే కంటికి కనిపించని నులిపురుగు దీనికి కారణం. ఉత్తర అమెరికాకు చెందిన ఈ పురుగు 20వ శతాబ్దం తొలినాళ్లలో జపాన్ చేరి, అక్కడి నల్ల పైన్, ఎర్ర పైన్ అడవులను తుడిచిపెట్టింది. చెట్లు ఎందుకు చస్తున్నాయో దశాబ్దాలపాటు అంతుపట్టలేదు. 1971లో జపాన్ పరిశోధకులు కారణం ఈ నులిపురుగేనని తేల్చారు. 1999లో పోర్చుగల్‌లోనూ బయటపడింది. మోనోకామస్ జాతి పొడవు మీసాల పెంకు పురుగు లేత కొమ్మల బెరడును కొరికినప్పుడు, దాని ఒంట్లోని నులిపురుగులు ఆ గాయం గుండా చెట్టులోకి దూరతాయి.

వేసవిలో చెట్టంతా ఒక్కసారిగా బూడిద పచ్చకు, పసుపుకు, చివరికి ఎర్రమట్టి రంగుకు మారుతుంది. కోసినా జిగురు కారదు. సోకిన చెట్టును బతికించే మార్గం లేదు. అలాంటి చెట్టును దాచి ఉంచకుండా వ్యవసాయ శాఖకు తెలిపి, వారు చెప్పిన పద్ధతిలో నాశనం చేయండి. మనసు ఎంత బాధపడినా ఇది తప్పదు. దాని చుట్టూ ఉన్న పైన్‌లన్నీ ప్రమాదంలో ఉంటాయి.

నూనెమందులు, లైమ్ సల్ఫర్ పైన్‌కు సురక్షితమేనా?

సమయం చూసి వాడితేనే. నూనె సూదులపై ఉండే మైనపు పూతను కరిగిస్తుంది. నీలి ఛాయ ఉన్న తెల్ల పైన్‌పై చల్లితే ఆ నీలం పోయి, కొత్త సూదులు వచ్చేదాకా తిరిగి రాదు. ఎండ 32 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజున, లేత క్యాండిల్స్ ఉన్నప్పుడు, దాహంతో ఉన్న చెట్టుపై నూనె వద్దు. ముందు ఒక కొమ్మపై చల్లి కొన్ని రోజులు చూడండి.

లైమ్ సల్ఫర్ అంటే సున్నం, గంధకం కలిపి మరిగించిన ద్రావణం. దాన్ని చెట్టు నిద్రలో ఉండే చలికాలంలో పలుచగా కలిపి చల్లడం జపాన్‌లో పాత అలవాటు. పొలుసు పురుగు, నల్లి గుడ్లు, శిలీంధ్ర బీజాలు అన్నిటిపైనా కొంత పనిచేస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. ఆమ్లం ఉన్న దేనితోనూ కలపవద్దు, ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెలువడుతుంది. కాండంపై ఎండుకొయ్యకు తెలుపు కోసం పూసే చిక్కని ద్రావణాన్ని సూదులపై చల్లకూడదు. నూనెకు, గంధకానికి మధ్య కనీసం మూడు వారాల ఎడం ఉండాలి.

ఇంట్లో కిటికీ దగ్గర ఉంచిన పైన్‌కు ఎప్పుడూ ఏదో ఒక చీడ. కారణం ఏమిటి?

అది ఇంట్లో ఉండటమే. పైన్‌కు పూర్తి ఎండ, గాలి, చలికాలపు విశ్రాంతి కావాలి. గదిలోని పొడి గాలికి నల్లి పెరుగుతుంది, వెలుతురు చాలక చెట్టు నీరసిస్తుంది. బయట పెట్టండి.

జబ్బుపడిన చెట్టుకు ఎరువు వేసి బలం ఇవ్వవచ్చా? క్యాండిల్స్ తుంచవచ్చా?

రెండూ వద్దు. వేర్లు పనిచేయనప్పుడు వేసిన ఎరువు లవణంగా మారి ఉన్న వేర్లను కూడా కాలుస్తుంది. కొత్త చిగురు బలంగా వచ్చాక పలుచగా మొదలుపెట్టండి. నల్ల పైన్‌కు వేసవి ఆరంభంలో క్యాండిల్స్ తుంచి రెండో చిగురు రప్పించడం, దాని నిల్వ శక్తినంతా వాడుకునే పని. సూదులు రాలిన ఏడు ఆ పని చేస్తే కొమ్మలకు కొమ్మలే చచ్చిపోతాయి. కొమ్మలను వంచడానికి లోహపు తీగ చుట్టడం, కుండీ మార్చడం కూడా ఆపండి. కుళ్లిన వేర్ల కోసం తప్పనిసరైతేనే మార్చండి. ఒక ఏడాది అందం తగ్గినా పరవాలేదు, సూదులను పెరగనివ్వండి.

చనిపోయిన చెట్టు కుండీని, మట్టిని మళ్లీ వాడుకోవచ్చా?

మట్టిని వాడవద్దు. వేరుకుళ్లు బీజాలు, వేరు పిండినల్లి గుడ్లు అందులో మిగిలి ఉంటాయి. కుండీని బ్రష్‌తో రుద్ది కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో అరగంట ఉంచి, బాగా కడిగి ఎండలో ఆరబెట్టండి. లైమ్ సల్ఫర్ తడి ఉన్న కుండీనో, పనిముట్టునో బ్లీచ్‌లో పెట్టవద్దు. కాలువ రంధ్రాలపై పరిచే జాలీలను కొత్తవి వేసుకోండి. కొత్తగా తెచ్చిన చెట్టును ఆ కుండీలోకి మార్చే ముందు కొన్ని వారాలు మిగతా వాటికి దూరంగా ఉంచి, వారానికొకసారి కాగితం పరీక్ష చేయండి.